పులిపిరి ఎందుకు పోయింది, ఎందుకు పోలేదు

పులిపిరికి మందేమిటని అడిగితే మన ఇళ్లలో తెలియదనే వారుండరు. సున్నం, బట్టల సోడా కలిపి చుక్క పెట్టమని ఒకరంటారు. గుర్రపు వెంట్రుక బిగించి కట్టమని మరొకరంటారు. వెల్లుల్లి రెబ్బ రుద్దమనేవారు, అగరుబత్తితో చురక పెట్టుకున్నవారు కూడా ఉన్నారు. కోల్‌కతాలో అయితే అందరి నోటా ముందుగా వచ్చే పేరు థుజా. హోమియో మందుల దుకాణానికి వెళ్లి చిన్న సీసాలో తెల్లని గోళీలు తెచ్చుకుని నాలుక కింద వేసుకోవడం అక్కడ తరాలుగా ఉన్న అలవాటు. ఈ సలహాలన్నింటి చివరా ఒకే మాట వినిపిస్తుంది: "మా అబ్బాయికి దాంతోనే పోయింది."

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పులిపిరి పోయిన మాట నిజం. దేనివల్ల పోయిందన్నదే తేలాల్సిన సంగతి.

పులిపిరి విషయంలో మనం రెండు రకాలుగా పొరబడుతున్నామని నా అభిప్రాయం. దానంతట అదే పోయేదానికి లేనిపోని వైద్యాలు చేసి చర్మం కాల్చుకుంటున్నాం. పోవాల్సిన కాలం దాటినా పోకుండా ఒళ్లంతా పాకేదాన్ని మాత్రం అందానికి సంబంధించిన చిన్న విషయంగా తీసిపారేస్తున్నాం. రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. చర్మం మీద కనిపించే కాయను చూస్తున్నాం గానీ, దాన్ని లోపలి నుంచి తొలగించే రోగనిరోధక వ్యవస్థను గుర్తు చేసుకోవడం లేదు.

ఒకే పేరు, వేర్వేరు కాయలు

ముందు పేరు దగ్గరే ఒక చిక్కు ఉంది. తెలుగులో మనం చర్మం మీద లేచిన ప్రతి చిన్న బొడిపెనూ పులిపిరి అనేస్తాం. మెడ చుట్టూ, చంకల్లో సన్నని కాడతో వేలాడే మెత్తని తోలు బొడిపెలనూ అదే పేరుతో పిలుస్తాం. వాటికి వైరస్‌తో సంబంధం లేదు. వయసు, స్థూలకాయం, మధుమేహం ఉన్నవారిలో అవి ఎక్కువగా కనిపిస్తాయి. వెంట్రుక కట్టి బిగిస్తే రక్తం అందక ఎండి రాలిపోయేవి ఇవే. ఆ అనుభవాన్నే చేతివేళ్ల మీద గరుకుగా లేచే అసలు పులిపిరికి కూడా వర్తింపజేయడంతో పొరపాటు మొదలవుతుంది. దీనికి కాడ ఉండదు. చర్మంలోనే కూర్చుని ఉంటుంది. పైన గీరితే గరుకు పొర కింద చిన్న నల్లచుక్కలు కనిపిస్తాయి. అవి రక్తం గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. పాదం అడుగున వస్తే దీన్ని ఆనెకాయ అనుకుంటాం. ఆనెకాయ ఒత్తిడి వల్ల మందమైన చర్మం మాత్రమే. దాని మీద చర్మపు గీతలు కొనసాగుతాయి. పులిపిరి దగ్గర ఆ గీతలు తెగిపోతాయి.

ఈ అసలు పులిపిరికి కారణం మానవ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ. 1907లో ఇటలీ వైద్యుడు జుసెప్పే చుఫో పులిపిర్లను నూరి, బ్యాక్టీరియా దాటలేని వడపోత గుండా పంపి, ఆ ద్రవాన్ని తన చర్మంలోకే ఎక్కించుకున్నారు. కొన్ని నెలలకు అక్కడ పులిపిర్లు లేచాయి. బ్యాక్టీరియా కంటే చిన్నదైన జీవి ఏదో దీనికి కారణమని అప్పుడే తేలింది. ఇప్పుడు ఈ కుటుంబంలో 200కు పైగా రకాలు తెలుసు. చేతివేళ్ల మీద వచ్చే మామూలు పులిపిర్లకు 2, 27, 57 రకాలు, పాదాల కింది వాటికి 1వ రకం, ముఖం మీద చదునుగా వచ్చేవాటికి 3, 10 రకాలు ఎక్కువగా కారణమవుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధానంగా కారణమయ్యే 16, 18 రకాలు వేరు. కాబట్టి పిల్లవాడి వేలి మీద పులిపిరి చూసి క్యాన్సర్ భయం పెట్టుకోనక్కర్లేదు.

శత్రువు కంట పడకుండా బతికే నేర్పు

ఈ వైరస్ కణం వ్యాసం సుమారు 55 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు పొడవున దాదాపు 18 వేల కణాలను వరుసగా పేర్చవచ్చు. లోపల ఉన్నది దాదాపు 8 వేల అక్షరాల గుండ్రని డీఎన్‌ఏ మాత్రమే. ఇంత చిన్న సామగ్రితో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మన ఒంట్లో ఎలా ఉండగలుగుతుంది?

దాని జీవనశైలే జవాబు. కంటికి కనిపించనంత చిన్న గీత గుండా చర్మం అడుగు పొరలోని కణాన్ని చేరుతుంది. అక్కడ చప్పుడు చేయదు. తన ప్రోటీన్లను చాలా తక్కువగా తయారు చేస్తుంది. అడుగు పొర కణం విభజన చెంది పైకి జరిగేకొద్దీ తానూ దాంతో పైకి వస్తుంది. కొత్త వైరస్ కణాలు తయారయ్యేది చర్మం పైపొరల్లో, ఎలాగూ చనిపోయి రాలిపోబోయే కణాల్లోనే. అది కణాన్ని పగలగొట్టదు, రక్తంలోకి పోదు, వాపు, మంట పుట్టించదు. కాబట్టి రోగనిరోధక వ్యవస్థకు ప్రమాద ఘంటిక వినిపించదు. రాలిన చర్మపు పొట్టుతో పాటు వైరస్ మరో మనిషిని చేరుతుంది. గోళ్లు కొరుక్కునే పిల్లల్లో గోళ్ల చుట్టూ, గడ్డం గీసుకునేవారిలో బ్లేడు నడిచిన దారి పొడవునా పులిపిర్లు లేవడం ఇందుకే.

అందుకే ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పులిపిరి వచ్చినంత మాత్రాన ఆ పిల్లవాడి రోగనిరోధక శక్తి బలహీనమని కాదు. నూటికి నూరుపాళ్లు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ ఇవి వస్తాయి, ఎందుకంటే శరీరం దీన్ని ఇంకా గమనించలేదు. కరోనా తర్వాత 'ఇమ్యూనిటీ పెంచే' పొడులు, కషాయాల వ్యాపారం బాగా సాగుతోంది. పులిపిరిని చూపించి ఆ పొడులు అమ్మేవారి మాట నమ్మనక్కర్లేదు.

ఎప్పుడో ఒకరోజు శరీరం గమనిస్తుంది. ఏ చిన్న దెబ్బ వల్లనో, గీరుకోవడం వల్లనో వైరస్ ప్రోటీన్లు రోగనిరోధక కణాల కంట పడతాయి. టి కణాలు అక్కడికి చేరి వైరస్ సోకిన కణాలను ఏరిపారేస్తాయి. కొన్ని వారాల్లో పులిపిరి నల్లబడి, ఎండి, మచ్చ కూడా మిగలకుండా పోతుంది. ఒకచోట ఉన్నదాన్ని గుర్తుపట్టిన టి కణాలు ఒంట్లో మిగతా చోట్ల ఉన్నవాటినీ వెతికి పట్టుకుంటాయి. ఏళ్లుగా వేధించినవన్నీ ఒకే నెలలో మాయం కావడం వెనుక ఉన్న రహస్యం ఇదే. పిల్లల్లో వచ్చే పులిపిర్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఏ వైద్యమూ లేకుండానే రెండేళ్లలో పోతాయని 1960ల నుంచే అధ్యయనాలు చెబుతున్నాయి.

బౌబజార్ నేర్పే పాఠం

మధ్య కోల్‌కతాలో, మెడికల్ కాలేజీకి నడక దూరంలో బౌబజార్ ఉంది. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌ను స్థాపించింది అక్కడే. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1928లో తన పేరిట నిలిచిన ఫలితాన్ని కనుగొన్నదీ ఆ సంస్థలోనే. భారతీయులు తమ చేతులతో తామే ప్రయోగాలు చేయాలని, పుస్తకంలో ఉందని నమ్మి ఊరుకోకూడదని పట్టుబట్టిన మనిషి సర్కార్.

ఆయనే 1867లో అల్లోపతి వైద్యుల సభలో నిలబడి తాను హోమియోపతిని అంగీకరిస్తున్నానని ప్రకటించారు. కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎండీ పట్టా పొందిన తొలితరం వైద్యుడు అలా చెప్పడం పెద్ద దుమారం లేపింది. ఆయన ఆ నిర్ణయానికి గుడ్డి నమ్మకంతో రాలేదు. హోమియో వైద్యుడు రాజేంద్ర దత్తా దగ్గరికి వచ్చే రోగులను స్వయంగా గమనించి, వారు కోలుకోవడం కళ్లారా చూశానన్నారు. కన్నదాన్ని నమ్మడం ఆయన నిజాయితీ. ఆ కాలానికి వైద్యంలో అంతకు మించిన పరీక్షా పద్ధతి స్థిరపడలేదు. మందు ఇచ్చిన వారిని, ఇవ్వని వారిని చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడగొట్టి పోల్చే పద్ధతి వైద్యంలో బలంగా నిలదొక్కుకున్నది 1948లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షించాకే.

ఆ పద్ధతి లేకుండా పులిపిరి మీద ఏ మందునూ తూచలేం. ఎందుకో ఒక్క లెక్క చాలు. పులిపిరి మందులపై జరిగిన 17 పరీక్షలను కలిపి చూసిన ఒక కాక్రేన్ సమీక్షలో, మందే లేని ఉత్తుత్తి చికిత్స పొందిన జట్లలో సగటున 10 వారాల్లో దాదాపు 30 శాతం మందికి పులిపిర్లు పోయాయి. అంటే మీరు కనిపెట్టిన ఏ వైద్యమైనా సరే, సుద్దముక్క రుద్దినా సరే, పదిమందిలో ముగ్గురు రెండున్నర నెలల్లో వచ్చి దండం పెడతారు. మిగిలిన ఏడుగురు తిరిగి రారు కాబట్టి వారి సంగతి మీకు తెలియదు. ఏ వైద్యానికైనా పేరు రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

హోమియో గోళీలను ఈ పద్ధతిలో పరీక్షించారు కూడా. కెనడాలోని క్యూబెక్‌లో పాదాల పులిపిర్లు ఉన్న 162 మందిపై జరిపిన పరీక్ష 1992లో ప్రచురితమైంది. 18 వారాల తర్వాత మందు జట్టులో ఐదో వంతు మందికి, ఉత్తుత్తి గోళీల జట్టులో దాదాపు నాలుగో వంతు మందికి పులిపిర్లు పోయాయి. తేడా లేదనే చెప్పాలి. సర్కార్‌ను గౌరవించే వారు ఆయన ముగింపును కాక ఆయన పట్టుదలను వారసత్వంగా తీసుకోవాలి. ఆయన ఇప్పుడుంటే ఈ లెక్కలు చూసి మనసు మార్చుకోవడానికి వెనుకాడేవారు కాదని నేననుకుంటాను. ఒకసారి మనసు మార్చుకుని, దానికి మూల్యం చెల్లించిన మనిషి ఆయన.

ఇదే కొలబద్ద ఆధునిక వైద్యానికీ వర్తిస్తుంది. బాగా నిలబడిన సాక్ష్యం ఉన్నది ఖరీదైన లేజర్‌కు కాదు, చవకగా దొరికే సాలిసిలిక్ ఆమ్లం పూతకు. అది కూడా అద్భుతం చేయదు, కొంత తేడా చూపిస్తుంది. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, విద్యుత్తుతో కాల్చడం కాయను తీసేస్తాయి. చుట్టూ ఉన్న చర్మంలో మిగిలిన వైరస్ మళ్లీ లేవవచ్చు. ఈ చికిత్సలు పనిచేసినప్పుడు కూడా, కలిగిన గాయం వల్ల రోగనిరోధక వ్యవస్థ మేల్కోవడం ఒక కారణమని భావిస్తున్నారు.

ఆ మేలుకొలుపునే నేరుగా చేయాలని మన దేశంలోని చర్మవైద్యులు కొన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. ఒక పులిపిరిలోకి ఎంఎంఆర్ టీకాను గానీ, కుష్ఠు వ్యాధి కోసం ప్రొఫెసర్ జి.పి. తల్వార్ బృందం మన దేశంలో అభివృద్ధి చేసిన ఎండబ్ల్యూ టీకాను గానీ కొద్దిగా ఎక్కిస్తారు. సూది గుచ్చింది ఒక్కదానికే. స్పందించిన రోగుల్లో మాత్రం దూరంగా ఉన్నవీ పోతాయి. పులిపిరిని తొలగించే అసలు వైద్యుడు ఎవరో ఇంతకంటే స్పష్టంగా చూపించలేం.

ఆ వైద్యుడు సెలవులో ఉంటే

ఇక రెండో పొరపాటు సంగతి. కొందరిలో పులిపిర్లు పోవు. పదుల సంఖ్యలో లేస్తాయి, ఒకదానితో ఒకటి కలిసి పలకల్లా మారతాయి. కాల్చినా, కోసినా నెల తిరగకముందే మళ్లీ వస్తాయి. అక్కడ వైరస్ మారలేదు. దాన్ని పట్టుకోవాల్సిన టి కణాల వ్యవస్థలో ఎక్కడో లోపం ఉంది.

2016లో బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంత యువకుడి చేతుల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. వేళ్ల నుంచి చెట్టు బెరడులా పెరిగిన పులిపిర్లు. ఢాకా మెడికల్ కాలేజీ ఆసుపత్రి వైద్యులు ఇరవైకి పైగా శస్త్రచికిత్సలు చేశారు. అవి తిరిగి పెరిగాయి. కత్తి ఎంత నేర్పుగా నడిచినా టి కణాల పని చేయలేదు.

ఇలాంటి అరుదైన రోగుల నుంచే విజ్ఞానం చాలా నేర్చుకుంది. పుట్టుకతోనే కొన్ని హెచ్‌పీవీ రకాలను అదుపు చేయలేని ఒక వ్యాధిని 1922లో లెవాండోవ్‌స్కీ, లుట్జ్ వర్ణించారు. 1970లలో వార్సాలో స్టెఫానియా యాబ్లోన్‌స్కా, పారిస్‌లో జెరార్ ఆర్త్ కలిసి ఆ రోగుల చర్మ క్యాన్సర్లలో 5వ రకం హెచ్‌పీవీని గుర్తించారు. మనిషిలో పాపిలోమా వైరస్‌కూ క్యాన్సర్‌కూ సంబంధాన్ని చూపిన తొలి ఆధారాల్లో అదొకటి. తర్వాత 1983, 1984లలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 16, 18 రకాలను కనుగొంది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది.

2021లో మరో విశేషం బయటపడింది. చెట్టు బెరడు లాంటి పులిపిర్లున్న ఒక ఇరాన్ రోగిలో టి కణాలను మేల్కొలిపే సీడీ28 అనే అణువు పుట్టుకతోనే లోపించిందని పరిశోధకులు కనుగొన్నారు. ఆయనకు సోకింది వింత వైరసేమీ కాదు. బడిపిల్లల వేళ్ల మీద కనిపించే 2వ రకమే. అదే వైరస్ ఒకరిలో వేలి మీద చిన్న గింజగా ఉండి పోతే, మరొకరిలో చెట్టులా పెరిగింది. తేడా అంతా దాన్ని ఎదుర్కొనే శరీరంలో ఉంది.

2025లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 34 ఏళ్ల మహిళ కేసును ప్రచురించారు. నుదుటి మీద చర్మ క్యాన్సర్ తీసేకొద్దీ తిరిగి వస్తోంది. కణితిలో 19వ రకం హెచ్‌పీవీ కణాల డీఎన్‌ఏలో కలిసిపోయి కనిపించింది. అసలు కారణం టి కణాల సంకేతాలను నడిపే ఒక జన్యువులోని లోపం. దాత మూలకణాల మార్పిడితో కొత్త రోగనిరోధక వ్యవస్థ వచ్చాక క్యాన్సర్‌తో పాటు పులిపిర్లూ పోయాయి.

పుట్టుకతో వచ్చే ఈ లోపాలు చాలా అరుదు. జీవితంలో మధ్యలో వచ్చిపడే బలహీనత అరుదు కాదు. హెచ్‌ఐవీ సోకి, చికిత్స మొదలుకాని వారిలో పులిపిర్లు విస్తారంగా, మొండిగా వస్తాయి. కొన్ని రక్త క్యాన్సర్లలోనూ అంతే. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం మందులు వాడాలి. ఆ మందులు అదుపులో పెట్టేది టి కణాలనే. పాశ్చాత్య దేశాల అధ్యయనాల్లో మార్పిడి జరిగి ఏళ్లు గడిచినవారిలో సగం మందికి, కొన్నిచోట్ల అంతకు మించి, పులిపిర్లు కనిపించాయి. తెల్ల చర్మం ఉన్న అలాంటి రోగుల్లో ఒక రకం చర్మ క్యాన్సర్ ముప్పు మామూలు కంటే పదుల రెట్లు ఎక్కువ. మన చర్మ వర్ణం కొంత రక్షణ ఇస్తుంది గానీ పూర్తిగా కాదు.

ఇది దూరపు విషయం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనకు తెలుసు. జీవన్‌దాన్ కార్యక్రమం వచ్చాక తెలుగు రాష్ట్రాల్లో అవయవ మార్పిడి సామాన్యులకూ పరిచయమైంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మందుల వేళలు, ఉప్పు, నీళ్ల జాగ్రత్తలు చెబుతారు. వాటితో పాటు "ఏడాదికోసారి చర్మం చూపించుకోండి, కొత్తగా లేచిన పులిపిరిని నిర్లక్ష్యం చేయకండి" అన్న ఒక్క వాక్యం కూడా చేర్చాలి. దానికి ఖర్చేమీ లేదు.

బలహీనతను మనమే కొని తెచ్చుకునే దారి ఒకటుంది. అదే మందుల షాపులో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ కలిసిన క్రీములు. తామరకని, తెల్లబడటానికని ముఖానికి రాసుకుంటే ఆ భాగంలో చర్మపు రక్షణ తగ్గిపోతుంది. చదును పులిపిర్లు మరింత పాకడానికి అది దారి ఇస్తుంది. ఈ దుర్వినియోగంపై గట్టిగా గొంతెత్తినవారిలో కోల్‌కతా చర్మవైద్యులు ముందున్నారు. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతలను చీటీ తప్పనిసరి జాబితాలో చేర్చింది. కౌంటరు దగ్గర ఆ నిబంధన అమలు కావడమే మిగిలింది.

పులిపిరి కాని పులిపిరి

మెడికల్ కాలేజీని ఆనుకునే స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ ఉంది. 1921 నుంచి పనిచేస్తున్న ఈ సంస్థ చర్మవ్యాధుల విభాగానికి 1983లో కొందరు గ్రామీణులు వచ్చారు. అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి గింజల్లాంటి కాయలు. ఒంటి మీద వాన చినుకులు పడినట్టు నల్లని, తెల్లని మచ్చలు. విడిగా చూస్తే పులిపిర్లనో ఆనెకాయలనో అనిపిస్తాయి. కుష్ఠు అనుకుని దూరం పెట్టినవారూ ఉన్నారు. డాక్టర్ కె.సి. సాహా ఇంకో ప్రశ్న అడిగారు: ఏ నీళ్లు తాగుతున్నారు? జవాబు గొట్టపు బావిలో దొరికింది. భూగర్భ జలాల్లోని ఆర్సెనిక్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరి ఆ కాయలను పుట్టించింది. పశ్చిమ బెంగాల్‌లో లక్షల మందిని తాకిన ఆ విపత్తు అలా బయటపడింది. తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం ఊరూరా నీటిని పరీక్షించి దాని విస్తృతిని లెక్కగట్టింది.

ఆ కాయలు వైరస్ వల్ల వచ్చినవి కావు. వాటిలో కొన్ని ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారగలవు. ఆర్సెనిక్ ప్రభావం అక్కడితో ఆగదు. కోల్‌కతాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ శాస్త్రవేత్తలు జరిపిన పరిశోధనల్లో, ఆర్సెనిక్ వల్ల చర్మ లక్షణాలు కనిపించిన వారి టి కణాలు మామూలు వారి కణాలంత చురుగ్గా విభజన చెందడం లేదని తేలింది. అంటే అదే నీరు చర్మాన్నీ పాడుచేస్తుంది, చర్మాన్ని కాపాడే కణాలనూ మందగింపజేస్తుంది.

సాహా ఆ రోజు కాయలను కాల్చి, పూత మందు రాసి పంపించి ఉంటే? ఆయన కాయ దగ్గర ఆగలేదు. ఈ కాయ ఈ మనిషికే ఎందుకు వచ్చిందని అడిగారు. చర్మవైద్యుడికే కాదు, ఊళ్లో ఆశా కార్యకర్తకూ, మందుల షాపు కుర్రాడికీ అలవడాల్సిన ప్రశ్న అది.

ఎప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడు ఊరుకోకూడదు

పిల్లవాడి చేతి మీద ఒకటో రెండో ఉంటే కంగారు అక్కర్లేదు. గోళ్లు కొరకకుండా, గిల్లకుండా చూడండి, తువ్వాలు వేరుగా ఉంచండి, ఓపిక పట్టండి. ఇబ్బందిగా ఉంటే డాక్టరు సలహాతో సాలిసిలిక్ పూత వాడవచ్చు. సున్నం-సోడా, నిప్పు, బ్లేడు వద్దు. వాటి మచ్చ పులిపిరి కంటే ఎక్కువ కాలం ఉంటుంది. మధుమేహం ఉన్నవారు పాదాల మీద ఏ పూతనూ సొంతంగా ప్రయోగించకూడదు. తిమ్మిరెక్కిన పాదానికి పుండు పడినా తెలియదు.

పెద్దవారిలో ఉన్నట్టుండి పదుల సంఖ్యలో లేచినా, రెండేళ్లు దాటినా, చికిత్స చేసేకొద్దీ తిరిగి వస్తున్నా, రక్తం కారినా, త్వరగా పెరిగినా, జననాంగాల దగ్గర వచ్చినా ఊరుకోకూడదు. అవయవ మార్పిడి జరిగినవారు, క్యాన్సర్ మందులో దీర్ఘకాలం స్టెరాయిడ్లో వాడుతున్నవారు ఒక్కటి లేచినా చూపించుకోవాలి. అలాంటి రోగి వచ్చినప్పుడు కాల్చి పంపడంతో డాక్టరు పని పూర్తి కాదు. వాడుతున్న మందులు అడగాలి, రక్తకణాల లెక్క చూడాలి, హెచ్‌ఐవీ పరీక్ష గురించి మర్యాదగా, గోప్యంగా మాట్లాడాలి. ఆ పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. త్వరగా తెలిస్తే మందులతో నిండు జీవితం గడపవచ్చు. ఒక మొండి పులిపిరి ఆ తలుపు తట్టించిందంటే అది మేలు చేసినట్టే.

హెచ్‌పీవీ టీకా ఉంది కదా, అది వేయిస్తే చేతి పులిపిర్లు రావా అని చాలామంది అడుగుతారు. ఆ టీకాలు రకాన్ని బట్టి పనిచేస్తాయి. 2022లో మన దేశంలో ఆమోదం పొందిన సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సెర్వావాక్ 6, 11, 16, 18 రకాలకు వ్యతిరేకంగా తయారైంది. చేతి పులిపిర్లకు కారణమైన రకాలు అందులో లేవు. ఆ టీకా విలువ వేరేచోట ఉంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు.

ఖమ్మం జిల్లాలో 2009లో మొదలైన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టును 2010లో ఆపేయాల్సి వచ్చింది. బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా, సరైన అనుమతి తీసుకోకుండా వేశారన్న లోపం మాత్రం తేలింది. టీకా మంచిదైనా, జనానికి అర్థమయ్యేలా చెప్పకపోతే నమ్మకం పోతుందని, పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పడుతుందని ఆ అనుభవం చెబుతోంది.

పులిపిరి విషయంలోనూ మన పని అదే, విడమరచి చెప్పడం. పోయిన పులిపిరి ఘనతను గోళీకో వెంట్రుకకో కట్టబెట్టడం హానిలేని ముచ్చటగా కనిపించవచ్చు. కానీ ఆ ముచ్చట నమ్మినవారే, రేపు పోని పులిపిరి ఎదురైనప్పుడు ఒక గోళీ నుంచి మరో గోళీకి మారుతూ రెండు, మూడేళ్లు పోగొట్టుకుంటారు. లోపల హెచ్‌ఐవీ ఉండవచ్చు, రక్త క్యాన్సర్ ఉండవచ్చు, అసలది పులిపిరే కాక తాగే నీటిలోని విషం కావచ్చు. ఈసారి ఎవరైనా "మా అబ్బాయికి దాంతోనే పోయింది" అంటే, కాదని వాదించనక్కర్లేదు. మీ అబ్బాయి టి కణాలు బాగా పనిచేశాయని చెప్పండి. పోనివారు ఎవరైనా ఇంట్లో ఉన్నారేమో కూడా అడగండి.